మా పొగాకు బ్యారనూ, సన్నీ టెరీ బ్రౌనీ మెక్‌గీల పాటా

1999 ఆగస్టులో నేను నార్త్ కరొలినా వచ్చాను, రాలీ పక్కన కేరీ అనే ఊళ్ళో అపార్ట్‌మెంట్, నలుగురం తెలుగోళ్ళం, అందరికీ కలిపి ఒకటే కారు. వచ్చిన రెండో నెల్లో ఆఫీసు పనిమీద డర్హమ్ వెళ్ళాల్సొచ్చింది. ఊళ్ళోకి దిగగానే పెద్ద పెద్ద ఎర్ర ఇటుక గోడౌన్లు, చాలావాటికి కిటికీలు పగిలిపోయి బోసిగా ఉన్నాయి, కారు అద్దం దించానో లేదో ముక్కుకి ఒక వాసన తగిలింది. ఎక్కడున్నానో ఒక్క క్షణం మర్చిపోయాను. అది ఎండిన వర్జీనియా పొగాకు వాసన, మా ఇంటి వసారా వాసన, మా నాన్న చొక్కా వాసన. దాదాపు పద్నాలుగు వేల కిలోమీటర్లు దాటొచ్చి మళ్ళీ మా ప్రకాశం జిల్లాలోనే దిగినట్టు అనిపించింది.

మాది టంగుటూరు దగ్గర పల్లెటూరు. నాన్నా, పెదనాన్నా కలిసి పొగాకు వేసేవాళ్ళు, ఇద్దరికీ కలిపి ఒకటే బ్యారన్. పొగాకు ప్రాంతంలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, బ్యారన్ అంటే కిటికీల్లేని ఎత్తైన గది, లోపల వరసలు వరసలుగా కర్రలకి అల్లిన పచ్చాకు వేలాడదీస్తారు, బయట పొయ్యి, పొయ్యిలోంచి వేడి ఇనప గొట్టాల్లో గది కింద అంతా తిరిగి పోతుంది, పొగ మాత్రం ఆకుకి తగలకూడదు. ముందు చిన్న వేడి మీద ఆకు పండాలి, తర్వాత ఆకు ఆరాలి, ఆఖర్న ఈనె ఎండాలి, అప్పటికి లోపల వేడి 160 ఫారెన్‌హీట్ డిగ్రీల దాకా పోతుంది, ఇదంతా ఐదారు రోజులు రాత్రీ పగలూ. ఒక్క రాత్రి కునుకు పట్టి వేడి తగ్గితే ఆకు నల్లబడుద్ది, ఎక్కువైతే ఎండిన ఆకు రాలి గొట్టం మీద పడి బ్యారన్ మొత్తం అంటుకుంటుంది. అందుకే ఇద్దరు కావాలి. ఒకళ్ళు పడుకుంటే ఒకళ్ళు మేలుకోవాలి.

నాకు పదమూడేళ్ళప్పుడు నాన్నకీ పెదనాన్నకీ మాటలు పోయాయి. గెట్టు దగ్గర మొదలైంది, వేలం కేంద్రంలో బేళ్ళ లెక్క దగ్గర ముదిరింది, ఎవరిది తప్పో ఇప్పుడు చెప్పుకుని లాభం లేదు. కానీ బ్యారన్ ఒకటే కదా, ఆకు ఆగదు కదా, అందుకని మాటల్లేకుండానే ఇద్దరూ పదేళ్ళు ఆ బ్యారన్ కాల్చారు. మధ్యలో నేను. "మీ పెదనాన్నకి చెప్పరా, పొయ్యిలో రెండు మొద్దులు తగ్గించమని" అని నాన్న అంటాడు, పెదనాన్న నాలుగు అడుగుల దూరంలోనే ఉంటాడు, విన్నాడు, అయినా నేను పోయి చెప్పాలి. "మీ నాన్నకి చెప్పు, ఆకు ఇంకా పండలా, అప్పుడే వేడి పెంచొద్దని." పెదనాన్నకి రాత్రిపూట చూపు సరిగా ఆనేది కాదు, థర్మామీటర్ చూసే చిన్న గాజు కిటికీ దాకా మూడు మెట్లు ఎక్కాలి, ఆయన లేచిన చప్పుడు వినపడితే చాలు నాన్న మంచం మీద నుంచే టార్చి వెలిగించి ఆ మెట్ల మీద వేసేవాడు. మాట లేదు, మళ్ళీ ఆయన దిగేదాకా టార్చి తీసేవాడు కాదు.

సరే డర్హమ్ సంగతి. మా ఆఫీసు బిల్డింగులో మెయింటెనెన్స్ చూసే ఒక నల్లజాతి పెద్దాయన ఉండేవాడు, అరవై దాటి ఉంటాయి, డర్హమ్‌లోనే పుట్టి పెరిగినాయన. ఒకరోజు కాఫీ దగ్గర మాటల్లో మాటగా నేను పొగాకు రైతు కొడుకునని చెప్పాను, ఆయన కప్పు కింద పెట్టేశాడు. వాళ్ళమ్మ ముప్పై ఏళ్ళు డర్హమ్ పొగాకు ఫ్యాక్టరీలో ఈనె తీసే పని చేసిందంట. మా అమ్మమ్మ చీరాల్లో గ్రేడింగ్‌కి వెళ్ళేది అన్నాను. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. మర్నాడు ఒక పాత క్యాసెట్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, మీ పొగాకుకి ఒక సంగీతం ఉంది, నువ్వు వినాలి అన్నాడు. క్యాసెట్ మీద పెన్నుతో రెండే పేర్లు, సన్నీ, బ్రౌనీ.

బ్లూస్ అనే మాట, అంటే అమెరికా దక్షిణాది నల్లవాళ్ళ పాట, నాకు అప్పటికి తెలియదు. రాత్రి అందరూ పడుకున్నాక వాక్‌మన్‌లో పెట్టుకున్నాను. ముందు గిటార్, బొటనవేలు ఒక పక్క టక్ టక్ టక్ టక్ అని బండి చక్రం తిరిగినట్టు మంద్రంలో కొడుతూనే ఉంది, మిగతా వేళ్ళు పైన వేరే పాట వాయిస్తున్నాయి, ఒక మనిషా ఇద్దరా అని సందేహం వచ్చింది. ఇంతలో మౌతార్గాను లేచింది. మౌతార్గాను అంటే అప్పటిదాకా నాకు తిరనాళ్ళలో కొనుక్కునే బొమ్మ, సినిమాలో హీరో వాయించేది, అంతే. ఇది అట్టా లేదు. ఇది ఏడుస్తుంది, ఇంజను లాగా రొప్పుతుంది, కుక్కల్లాగా మొరుగుతుంది, మధ్యలో "హూ" అని ఒక కేక, ఆ కేక నోట్లోంచి వచ్చిందో వాయిద్యంలోంచి వచ్చిందో చెప్పలేం, రెండూ ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయి ఉన్నాయి. వెనక్కి తిప్పి తిప్పి ఆ ఒక్క కేక పది సార్లు విని ఉంటాను.

తర్వాత ఆ ఇద్దరి గురించి దొరికినదల్లా చదివాను, డర్హమ్ లైబ్రరీలో కూర్చుని, పాత రికార్డుల అట్టల వెనకాల రాసింది చదివి, ఆ పెద్దాయన చెప్పింది విని. ఇప్పుడు పాతికేళ్ళు దాటింది, ఇంకా వాళ్ళని వినని నెల లేదు.

సన్నీ టెరీ అసలు పేరు సాండర్స్ టెరెల్, 1911లో పుట్టాడు, రైతు కొడుకు. నాన్న పొలం పని చేసుకుంటూ మౌతార్గాను వాయించేవాడు, కొడుక్కి మొదటి గురువు ఆయనే. పదహారేళ్ళు వచ్చేసరికి రెండు వేరు వేరు ప్రమాదాల్లో రెండు కళ్ళూ పోయాయి. చూపు లేని నల్ల కుర్రాడు, ఆ రోజుల్లో, అమెరికా దక్షిణాన, పొలం పనికి పనికిరాడు, ఇంక మిగిలింది చేతిలో ఉన్న ఆ చిన్న డబ్బా ఒకటే. దాన్నే పట్టుకుని ఊళ్ళు తిరిగాడు. అట్టా తిరిగి తిరిగి బ్లైండ్ బాయ్ ఫుల్లర్ అనే ఇంకో చూపు లేని గిటారిస్టుతో జత కట్టి డర్హమ్ చేరాడు.

ఇక్కడే నా కథ వాళ్ళ కథలోకి వెళ్ళిపోయింది. వాళ్ళు వాయించింది ఎక్కడ అనుకున్నారు, నేను చూసిన ఆ ఎర్ర ఇటుక పొగాకు గోడౌన్ల ముందు. సీజన్లో రైతులు ఆకు తెచ్చి వేలంలో అమ్ముకుంటారు, చేతిలో డబ్బు ఆడుతుంది, ఫ్యాక్టరీ కూత కూయగానే కూలీలు బయటికొస్తారు, ఆ వేళకి గేటు బయట నిలబడి పాడితే నాలుగు డబ్బులు రాలతాయి. మా టంగుటూరు వేలం కేంద్రం బయట కూడా అంతే, బేళ్ళు అమ్ముడుపోయిన రోజు హార్మోనియం పెట్టె మెళ్ళో వేసుకుని పాడేవాళ్ళు వచ్చేవాళ్ళు, ఆ రోజు నాన్న జేబులోంచి చిల్లర తీసి నా చేతే ఇప్పించేవాడు, ఆకుని ఎవరూ పాడుకోక "నో బిడ్" పడిన రోజు మాత్రం వాళ్ళే మా మొహాలు చూసి పక్కకి తప్పుకునేవాళ్ళు. పొగాకు డబ్బుకి ఎక్కడైనా ఒకే నడక.

అసలు మన వర్జీనియా పొగాకు పుట్టిందే అక్కడ. డర్హమ్‌కి పైన కాస్వెల్ కౌంటీలో 1839లో స్టీఫెన్ అనే బానిస బ్యారన్ కాపలా కాస్తూ కునుకు తీశాడంట, లేచేసరికి నిప్పు ఆరిపోతోంది, కంగారుగా బొగ్గులు తెచ్చి వేశాడు, ఆ ఒక్కసారి తగిలిన వేడికి ఆకు నిమ్మపండులా పసుప్పచ్చగా మారింది. ఆ పసుప్పచ్చ ఆకే తర్వాత కోట్ల వ్యాపారం అయింది, 1920ల్లో గుంటూరు వైపు వచ్చింది, అక్కణ్ణుంచి మా తాతల పొలాల్లోకి. స్టీఫెన్‌కి ఏం మిగిలిందో ఊహించుకోవచ్చు. ఆ కునుకు గురించి చదివినప్పుడు మాత్రం నాకు నాన్నా పెదనాన్నా వంతులు వేసుకుని కాచిన రాత్రులే కళ్ళ ముందుకొచ్చాయి.

సరే, సన్నీ. 1937 డిసెంబర్లో ఫుల్లర్‌తో పాటు న్యూయార్క్ వెళ్ళి మొదటిసారి రికార్డు ఇచ్చాడు. వాళ్ళని తీసుకెళ్ళిన జె.బి. లాంగ్ డర్హమ్‌లో ఒక చవక వస్తువుల షాపుకి మేనేజరు, రికార్డులు అమ్ముతూ అమ్ముతూ ఈ పాటగాళ్ళని కనిపెట్టాడు. మరుసటేడు జాన్ హామండ్ అనే ఆయన న్యూయార్క్‌లో పేరున్న కార్నెగీ హాల్లో నల్లవాళ్ళ సంగీతం మొత్తం ఒకే వేదిక మీద వినిపించాలని ఒక పెద్ద కచేరీ పెట్టాడు, 1938 డిసెంబర్ 23. ఆయనకి ఫుల్లర్ కావాలి, ఫుల్లర్ అప్పుడు జైల్లో ఉన్నాడు, సన్నీని తీసుకెళ్ళారు. ఇదే కచేరీకి రాబర్ట్ జాన్సన్ అనే ఇంకో బ్లూస్ పాటగాణ్ణి కూడా పిలుద్దామనుకున్నారు, తీరా చూస్తే ఆయన ఆ ఆగస్టులోనే చనిపోయాడు, ఆయన రికార్డులు స్టేజి మీద పెట్టి వినిపించారు. పొగాకు గోడౌన్ ముందు చిల్లర కోసం వాయించిన మనిషి కార్నెగీ హాల్లో నిలబడి అదే వాయిద్యం, అదే కేక. ఆ రాత్రి రికార్డు ఉంది, వినండి, కొత్త చోటని ఎక్కడా బెదరలేదు.

బ్రౌనీ మెక్‌గీది టెన్నెసీ, 1915లో నాక్స్‌విల్‌లో పుట్టాడు. నాలుగేళ్ళప్పుడు పోలియో వచ్చి కుడికాలు కురచైపోయింది. వాళ్ళ తమ్ముడు గ్రాన్‌విల్ అన్నని చిన్న చక్రాల బండిలో కూర్చోబెట్టి వెనకనుంచి కర్రతో నెట్టుకుంటూ ఊరంతా తిప్పేవాడు, ఆ కర్ర వల్లే తమ్ముడికి స్టిక్ అనే పేరు పడిపోయింది, జీవితాంతం స్టిక్ మెక్‌గీయే. వాళ్ళ మామయ్య ఒకాయన మిఠాయి రేకు డబ్బాకి చెక్కముక్క తగిలించి బ్రౌనీకి గిటారు చేసిచ్చాడు. ఇరవై దాటాక పోలియో బాధితుల కోసం పోగుచేసిన చందాల సొమ్ముతో ఆపరేషన్ జరిగి నడక వచ్చింది. నడక రాగానే ఆ మనిషి చేసిన మొదటి పని ఏంటంటే గిటారు భుజాన వేసుకుని రోడ్డెక్కడం.

1940లో బ్రౌనీని కూడా ఆ లాంగే రికార్డింగుకి తీసుకెళ్ళాడు. 1941 ఫిబ్రవరిలో ఫుల్లర్ చనిపోయాడు, నలభై కూడా నిండలేదు. కంపెనీవాళ్ళు ఏం చేశారంటే బ్రౌనీ రికార్డు మీద "బ్లైండ్ బాయ్ ఫుల్లర్ నంబర్ 2" అని వేశారు. కళ్ళు బాగానే ఉన్న మనిషికి చచ్చిపోయిన చూపులేని మనిషి పేరు పెట్టి అమ్మడం, ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. తర్వాత కూడా బ్రౌనీ స్పైడర్ శామ్ అనీ, బిగ్ టామ్ కాలిన్స్ అనీ, హెన్రీ జాన్సన్ అనీ ఎన్ని పేర్లతో రికార్డులు చేశాడో, ఎవరు డబ్బిస్తే వాళ్ళకి ఆ పేరుతో. ఇంటి అద్దె కట్టాలి కదా మరి.

ఫుల్లర్ పోయాక సన్నీకి గిటారు లేదు, బ్రౌనీకి తోడు లేదు. 1940ల మొదట్లో ఇద్దరూ కలిసి న్యూయార్క్ చేరారు. అప్పుడు అక్కడ లెడ్‌బెల్లీ ఉన్నాడు, వుడీ గత్రీ ఉన్నాడు, పీట్ సీగర్ ఉన్నాడు, పేరున్న జానపద పాటగాళ్ళు, అందరూ ఒకళ్ళింట్లో ఒకళ్ళు పడుకుని, ఒకళ్ళ గిన్నెలో ఒకళ్ళు తిని, రాత్రంతా పాడుకున్న రోజులవి. ఒకాయనకి చూపు లేదు, ఒకాయనకి కాలు సరిగా లేదు, బ్రౌనీ కళ్ళతో సన్నీ నడిచేవాడు. స్టేజి మీదకి వచ్చేటప్పుడు బ్రౌనీ కుంటుకుంటూ ముందు, ఆయన భుజం మీద చెయ్యేసి సన్నీ వెనక, ఆ నడక చూసినవాళ్ళు ఎవరూ మర్చిపోలేదు, పాత వీడియోల్లో చూసినా ముందు ఆ నడకే గుర్తుండిపోతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వీళ్ళిద్దరినీ అందరూ పాతకాలం పల్లె బ్లూస్ జంట అనే అనుకుంటారు, కానీ 1940ల్లో న్యూయార్క్‌లో వీళ్ళు పియానో, డ్రమ్ములు పెట్టుకుని డాన్సు పాటలు కూడా వాయించారు. బ్రౌనీ పాట ఒకటి 1948లో హిట్టయింది, హార్లెంలో గిటారు నేర్పే బడి కూడా పెట్టాడు. 1949లో తమ్ముడు స్టిక్ పాడిన తాగుడు పాట దేశమంతా మోగిపోయింది, అప్పుడప్పుడే మొదలైన అట్లాంటిక్ రికార్డు కంపెనీకి అది మొదటి పెద్ద హిట్లలో ఒకటి, వెనకాల గిటారు అన్న బ్రౌనీదే. బండి నెట్టిన తమ్ముడు ముందు పాడుతుంటే అన్న వెనకాల వాయించాడు, ఆ సంగతి తల్చుకుంటే నాకు భలే సంతోషం. సన్నీ అయితే 1947లో బ్రాడ్‌వే నాటకంలో కూడా చేరాడు, ఆ నాటకం ఏడొందల ప్రదర్శనలు పైన ఆడింది, అన్ని రాత్రులూ కాలేజీ చదువుల పెద్దోళ్ళ ముందు ఆ మౌతార్గానే. 1955లో ఇంకో పెద్ద నాటకంలో ఇద్దరూ కలిసి పాడారు. తర్వాత తెల్ల కాలేజీ పిల్లలకి జానపద సంగీతం పిచ్చి పట్టింది, వాళ్ళకి డ్రమ్ములొద్దు, కరెంటు గిటారొద్దు, ఒక గిటారూ ఒక మౌతార్గానూ చాలు, అట్టా వీళ్ళు మళ్ళీ డర్హమ్ వీధిలోకి తిరిగొచ్చినట్టయింది. కొందరు దీన్ని నాటకం అన్నారు. నేనట్టా అనుకోను, వాళ్ళకి రెండూ వచ్చు, ఏది వింటామంటే అది వినిపించారు, రెండిట్లోనూ చెయ్యి ఒకటే.

సన్నీ వాయింపు గురించి నాకు అసలు విషయం అర్థమైంది మా ఆవిడ వల్ల. తను చిన్నప్పుడు ఒంగోల్లో సంగీతం నేర్చుకుంది, వర్ణాలు దాటి కీర్తనల దాకా వెళ్ళింది. నేను ఒకరోజు ఎక్కడో చదివింది చెప్పాను, బ్లూస్ వాళ్ళు A శ్రుతి మౌతార్గాను తీసుకుని E శ్రుతిలో పాట వాయిస్తారంట, అర్థం కావట్లేదని. తను శ్రుతి పెట్టె తీసి రెండు నిమిషాలు తనలో తను పాడుకుని, "ఇది గ్రహభేదమండీ, పంచమాన్ని షడ్జమం చేసుకుంటున్నాడు, శంకరాభరణం డబ్బాలోంచి హరికాంభోజి తీస్తున్నాడు" అంది. ఇంకేం కావాలి నాకు! మౌతార్గాను పది రంధ్రాలు, ఊదితే ఒక స్వరం, పీలిస్తే ఒక స్వరం, మామూలుగా పాట అంతా ఊదేటప్పుడు వస్తుంది, ఇట్టా పంచమం మీదకి మారితే ముఖ్యమైన స్వరాలన్నీ గాలి లోపలికి పీల్చేటప్పుడు వస్తాయి, పీల్చేటప్పుడు నాలుకతో గొంతుతో ఆ స్వరాన్ని కిందికి వంచొచ్చు, మనవాళ్ళు గమకం పట్టినట్టు. అందుకే అది ఏడ్చినట్టుంటుంది. ఏడ్చే మనిషి కూడా గాలి లోపలికి పీల్చే కదా ఎక్కిపడతాడు. పైగా సన్నీ వాయిద్యాన్ని తిరగేసి పట్టుకునేవాడు, మంద్రం కుడివైపు వచ్చేట్టు, చిన్నప్పుడు అట్టా అలవాటైంది, అట్టాగే ప్రపంచం తిరిగాడు. వీడియోలో ఆయన చేతులు చూడండి, ఒక చెయ్యి వాయిద్యం చుట్టూ గిన్నెలాగా మూసి తెరుస్తుంటుంది, ఎగరబోయే పిట్టని ఒడిసి పట్టుకున్నట్టు, ఆ చెయ్యి తెరిచినప్పుడల్లా స్వరం కాస్త బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోతుంది.

బ్రౌనీ గొంతు దానికి సరిగ్గా వ్యతిరేకం, మెత్తన, నున్నన, కూర్చోబెట్టి కబురు చెప్పినట్టు పాడతాడు. బ్రౌనీ ఒక లైను అనేసరికి సన్నీ మౌతార్గాను దానికి ఊ కొడుతుంది, బుర్రకథలో కథకుడు ఒక చరణం అనగానే వంతవాళ్ళు తందాన తాన అందుకున్నట్టు. ఇద్దరూ కలిసి గొంతు కలిపినప్పుడు అసలు శ్రుతి శుద్ధిగా కలవదు, ఒకటి గరుకు, ఒకటి నునుపు, ఆ తేడాలోనే ఉంది రుచి అంతా.

1958లో ఇంగ్లాండు వెళ్ళారు, క్రిస్ బార్బర్ అనే జాజ్ ఆయన పిలిపించాడు, అక్కడి కుర్రాళ్ళకి అప్పటికి నిజం బ్లూస్ వాళ్ళని కళ్ళతో చూడటం అరుదు. 1962లో యూరప్ అంతా తిరిగిన మొట్టమొదటి పెద్ద బ్లూస్ బృందంలో కూడా ఉన్నారు. నాకు వీటన్నిట్లోకీ ఇష్టం 1964 మేలో మాంచెస్టర్ దగ్గర మూతపడ్డ రైల్వే స్టేషన్లో టీవీ వాళ్ళు పెట్టిన కచేరీ. ప్రేక్షకులు రైలెక్కి వస్తారు, ఒక ప్లాట్‌ఫాం మీద వాళ్ళు కూర్చుంటారు, పట్టాలకి అవతల ప్లాట్‌ఫాం మీద పాటగాళ్ళు, మడ్డీ వాటర్స్ ఉన్నాడు, సిస్టర్ రోజెటా థార్ప్ ఉంది, వాన కూడా పడింది. జీవితమంతా మౌతార్గానులో రైలు కూత పలికించిన సన్నీ నిజం రైలు పట్టాల పక్కన వాయించడం చూస్తుంటే ఇంత సరైన చోటు ఇంకోటి లేదనిపిస్తుంది.

ఇట్టా ముప్పై ఏళ్ళు పైన. ఒకే కారు, పక్క పక్క హోటల్ గదులు, ఒకే పాటలు, మనిషి అన్నాక విసుగొస్తుంది. 1970లు వచ్చేసరికి ఇద్దరికీ పడటం మానేసింది. 1973లో పెద్ద కంపెనీ ఒకటి ఇద్దరి పేర్లే పెట్టి ఒక మంచి ఆల్బం చేసింది, జాన్ మేయల్ లాంటివాళ్ళు పక్కన వాయించారు, వింటే చాలా బాగుంటుంది, కానీ అప్పటికే వాళ్ళ మధ్య మాటలు తగ్గిపోయాయి. ఆఖరి ఏళ్ళలో ఒకళ్ళు పాడుతుంటే ఒకళ్ళు వాయించకుండా కూర్చున్న రాత్రులు కూడా ఉన్నాయని చూసినవాళ్ళు చెప్తారు. అయినా కచేరీలు ఒప్పుకునేవాళ్ళు, ఎందుకంటే జనానికి విడివిడిగా వద్దు, ఇద్దరూ కావాలి. 1979లో ఒక కామెడీ సినిమాలో ఇద్దరూ వరండాలో కూర్చుని పాడతారు, ఆ సీను చూస్తే నవ్వు మొహాలే కనపడతాయి.

ఇది మొదట చదివినప్పుడు క్యాసెట్ ఆపేసి బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. తర్వాత వెతికి వెతికి వాళ్ళ చివరి రోజుల కచేరీ రికార్డింగు ఒకటి సంపాదించాను, మాటల్లేని రోజుల్లోది. ఏం వినపడుతుందోనని భయం. పాట మధ్యలో ఎక్కడా ఒకళ్ళ పేరు ఒకళ్ళు పిలవరు, ముందులాగా చమత్కారాల్లేవు, కానీ బ్రౌనీ గిటారు ఒకచోట కాస్త నెమ్మదించింది, వయసు కావచ్చు, అలసట కావచ్చు, వెంటనే సన్నీ ఊపిరి కూడా అంతే నెమ్మదించింది, వెతుక్కోలేదు, తడబడలేదు. ఆ చోటు నాకు బాగా తెలుసు. ఆ చోట మా బ్యారన్ మెట్ల మీద టార్చి వెలుగు పడుతుంది.

1982లో అమెరికా ప్రభుత్వం జానపద కళాకారులకి జాతీయ స్థాయి గౌరవం ఒకటి కొత్తగా మొదలుపెట్టి, ఆ మొదటి ఏడాదే ఇద్దరికీ ఇచ్చింది. అప్పటికి జంట విడిపోయింది. సన్నీ జానీ వింటర్, విల్లీ డిక్సన్‌లతో కలిసి చేసిన ఆల్బం ఒకటి 1984లో వచ్చింది, ఆ వయసులో కూడా ఆ కేక అట్టాగే ఉంది. 1985లో వచ్చిన ది కలర్ పర్పుల్ సినిమాలో వినిపించే మౌతార్గాను ఆయనదే. 1986 మార్చి 11న న్యూయార్క్ దగ్గర మినియోలాలో పోయాడు. బ్రౌనీ కాలిఫోర్నియాలో ఓక్లాండ్‌లో స్థిరపడ్డాడు, 1987లో ఏంజెల్ హార్ట్ సినిమాలో ముసలి పాటగాడి వేషం వేశాడు, 1995లో షికాగో బ్లూస్ ఉత్సవంలో పాడాడు, 1996 ఫిబ్రవరి 16న చనిపోయాడు. ఎనభై ఏళ్ళు.

మా పెదనాన్న 2005లో పోయారు. నాన్న కర్మ అంతా దగ్గరుండి జరిపించాడని అమ్మ ఫోన్లో చెప్పింది. బ్యారన్ ఆ ఏడాది నుంచి కాల్చలేదు.

2008 వేసవిలో అమ్మా నాన్నా వచ్చారు, ఆరు నెలలున్నారు. నాన్నకి ఇక్కడ ఏమీ తోచేది కాదు, వాకింగ్ పోయి పక్కిళ్ళ పచ్చిక చూసి, "ఇంత నేల ఊరికే గడ్డికి వదిలేశారేందిరా" అనేవాడు. ఒక శనివారం డర్హమ్‌లో డ్యూక్ హోమ్‌స్టెడ్ అని పాతకాలం పొగాకు ఇల్లు మ్యూజియంగా పెట్టారు, అక్కడికి తీసుకెళ్ళాను. చెట్టు దుంగలతో కట్టిన బ్యారన్ ఉంది, పొయ్యి నోరు ఉంది, పైన కర్రలు పెట్టే దూలాలున్నాయి. నాన్న ఎవర్నీ అడగలేదు, తిన్నగా పోయి వంగి పొయ్యి నోట్లోకి చూశాడు, చేత్తో జానలు కొలిచాడు, "మనది దీనికన్నా రెండు జానలు వెడల్పు" అన్నాడు. లోపలికెళ్ళి చీకట్లో నిలబడి పైకి చూస్తూ చాలాసేపు ఉన్నాడు. అమ్మ పిలిచినా రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు కార్లో సన్నీ బ్రౌనీల సీడీ పెట్టాను. నాన్న ముందు సీట్లో. పాట మాటలు ఆయనకి తెలీవు, అడగలేదు కూడా. రెండు పాటలయ్యాక, "ఈ ఇద్దరూ అన్నదమ్ములా?" అన్నాడు. కాదు నాన్నా, కలిసి పాడేవాళ్ళు, ముప్పై ఏళ్ళు పైన, అని మొదలుపెట్టి ఒకాయనకి చూపు లేదని, ఒకాయనకి కాలు కురచని, ఒకాయన భుజం మీద ఒకాయన చెయ్యేసి స్టేజి మీదకి వచ్చేవాళ్ళని, వీళ్ళు మొదట పాడింది మనం ఇందాక చూసిన ఈ పొగాకు ఊళ్ళోనేనని, ఆఖర్న మాటలు కూడా లేవని, అన్నీ చెప్పాను. ఎందుకు పోయాయి మాటలు అని ఆయన అడగలేదు. హైవే ఎక్కాం. సన్నీ కుక్కలు నక్కని తరిమే పాట అందుకున్నాడు, కుక్కలు మొరుగుతున్నాయి, నాన్న కాస్త నవ్వాడు కూడా.

కేరీ దగ్గరకొస్తుండగా, "మాటల్లేనప్పుడు మరి ఆ గుడ్డాయన్ని స్టేజి మీదకి ఎవరు పట్టుకొచ్చేవాళ్ళు?" అన్నాడు.

నేను ఏదో చెప్పబోయేలోపే కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆయనే పట్టుకొచ్చుంటాడులే" అన్నాడు.